కొత్త పాస్‌వర్డ్ ఆ కంప్యూటర్‌లో కొట్టకండి
మెయిల్ హ్యాక్ అయిందని తెలియగానే చాలామంది కంగారులో అదే కంప్యూటర్‌ ముందు కూర్చుని పాస్‌వర్డ్ మార్చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. లోపల కీలాగర్ (మీరు నొక్కే ప్రతి కీనీ దొంగచాటుగా రికార్డ్ చేసే ప్రోగ్రామ్) ఉంటే మీరు కొట్టే కొత్త పాస్‌వర్డ్ కూడా అక్షరం పొల్లుపోకుండా హ్యాకర్లకే చేరుతుంది. ముందు కంప్యూటర్‌కి నెట్ తీసేయండి. పాస్‌వర్డ్ ఫోన్‌లోంచి మార్చి, అన్ని డివైజ్‌ల నుంచీ సైన్ అవుట్ చేయండి. ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే బ్రౌజర్ కుకీలు (మీరు ముందే లాగిన్ అయ్యారని సైట్‌కి గుర్తుచేసే చిన్న ఫైళ్లు) కొట్టేసినవాడికి చాలాసార్లు పాస్‌వర్డ్‌తోనూ ఓటీపీతోనూ పనే ఉండదు.

తర్వాత విండోస్ 10 అయినా 11 అయినా, విండోస్ సెక్యూరిటీలో 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్' తెరిచి, స్కాన్ ఆప్షన్స్‌లో 'మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్' పెట్టండి. తెరిచి ఉన్న ఫైళ్లు ముందే సేవ్ చేసుకోండి, సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి మామూలు స్కాన్‌కు చిక్కకుండా దాక్కున్నవీ దొరుకుతాయి. ఓ పావుగంట పని.

మా పిన్ని వాళ్లింట్లో ఇదంతా అయ్యాక కూడా మెయిల్స్ బయటికి పోతూనే ఉన్నాయి. చూస్తే మెయిల్ సెట్టింగ్స్‌లో, ఫార్వర్డింగ్ దగ్గర ఎవరిదో అడ్రస్ కూర్చుని ఉంది! అదీ, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లూ (బ్రౌజర్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు) తప్పక చూడండి. డబ్బు కూడా పోయి ఉంటే ఇవన్నీ తర్వాత, ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.