సొరకాయ వండే ముందు జాగ్రత్తలు

గోరు గుచ్చితే దిగే లేత కాయ తీసుకోండి. కడిగి, చెక్కు తీయండి.

తరిగేముందు చిన్న పచ్చి ముక్క నాలుక చివర పెట్టి చూడండి. ఇది మాత్రం మానొద్దు. రెండు కాయలుంటే రెండూ చూడాలి. చేదు తగిలిందా, ఉమ్మేసి నోరు పుక్కిలించి కాయ మొత్తం పారేయండి. పాపం, డబ్బు పెట్టి కొన్నాం కదా అని ఉప్పు రాసి పిండడం, పులుసులో బెల్లం ఎక్కువ వేయడం వద్దు. ఆ చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం ఉడికించినా పోదు. కాకరకాయ చేదు వేరు, దానికి భయం లేదు.

సొరకాయ పచ్చి జ్యూస్ తాగేవాళ్లకే ప్రమాదం ఎక్కువ. ఉసిరి, కాకర రసాలు కలిపితే చేదు తెలియదు, అందుకే కలపొద్దు.

తిన్నాక వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి మొదలైతే ఇంటి చిట్కాలతో ఆగకండి. విరుగుడు మందు లేదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లి సొరకాయ తిన్నామని డాక్టరుకు చెప్పండి.