లేజర్ తర్వాత చర్మం కాలిందా? శక్తి తగ్గించే ముందు యంత్రం టిప్ చూడండి

లేజర్‌తో వెంట్రుకలు తీసిన చోట కుదుళ్ల చుట్టూ ఎర్రగా ఉబ్బితే కంగారు పడనక్కరలేదు. కుదురుకు వేడి చేరిందనడానికి అదే గుర్తు, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. చర్మం బూడిదరంగుకు గాని తెలుపుకు గాని తిరిగినా, పొక్కు లేచినా అది కాలిన గాయమే, అక్కడితో పని ఆపివేయాలి.

మొదట అనుమానించవలసింది ఎండను. వెంట్రుకలోని మెలనిన్ (నల్లరంగునిచ్చే పదార్థం) కోసం పంపిన కాంతిని పైచర్మంలోని మెలనిన్ కూడా పీల్చుకుంటుంది కనుక, అనంతపురం ఎండలో పది రోజులు తిరిగి వచ్చిన మనిషికి పోయినసారి రాసుకున్న జౌళ్లనే (శక్తి కొలతనే) మళ్లీ పెట్టడం తప్పు. ఆ నలుపు తగ్గేదాకా వాయిదా వేయాలి. ముదురు రంగు చర్మానికి 755 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల అలెగ్జాండ్రైట్ లేజర్ కంటే, మెలనిన్ తక్కువగా పీల్చుకునే 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ క్షేమం. మొదటిసారీ, శక్తి పెంచిన ప్రతిసారీ కొద్ది చోట పరీక్ష షాట్లు వేసి, ఒకటి రెండు రోజులు ఆగి చూడాలి. ఇది తెలియనివారు లేరు, అయినా రద్దీ రోజున అందరూ మొదట వదిలేసేది దీన్నే.

ఇవన్నీ సరిగా ఉండి, పరీక్ష షాట్లూ బాగుండి, పని సగం దాటాక మచ్చలు మొదలైతే అసలు దొంగ వేరే ఉన్నాడు. కర్నూలులో ఒకసారి కాళ్ల మీద డయోడ్ లేజర్ వాడుతూ, మచ్చ పడినప్పుడల్లా శక్తి తగ్గించుకుంటూ పోయాను. మచ్చలు మాత్రం ఆగలేదు. తర్వాత పరిశీలిస్తే ప్రతి మచ్చా, చర్మానికి ఆనించే టిప్‌లో ఒకే మూల కింద పడిందని తెలిసింది. శక్తి ఎక్కువై కాలితే షాట్ పడిన చోటంతా కమిలేది. సరిగా గొరగని వెంట్రుకల ముక్కలు మాడి, జెల్‌తో కలిసి సఫైర్ (నీలమణి స్ఫటికం) టిప్‌కు అంటుకున్నాయి. ఆ మసి కాంతిని తానే పీల్చుకుని వేడెక్కడంతో, చర్మాన్ని చల్లబరచవలసిన టిప్ ఆ మూలన ఇస్త్రీపెట్టెలా వాత పెట్టింది. పరీక్ష షాట్లు శుభ్రమైన టిప్‌తో వేస్తాము కనుక అవి దీన్ని ఎన్నటికీ పట్టించవు. నున్నగా గొరిగించి, జెల్ తరచుగా మార్చి, మధ్యమధ్య యంత్రాన్ని స్టాండ్‌బైలో పెట్టి, తయారీదారు చెప్పిన ద్రావణంతో తడిపిన, పోగులు రాలని గుడ్డతో టిప్ తుడవాలి. తుడిచినా పోని మచ్చ ఉంటే అది సఫైర్‌లోనే పడిన గుంట, టిప్ మార్చక తప్పదు.

కాలిన చోటును వెంటనే ఇరవై నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచాలి. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు కుళాయిలో మరుగుతూ వస్తాయి, కాబట్టి కుండ నీళ్లు పోయడం మేలు. ఐస్ నేరుగా పెట్టకూడదు, పొక్కు చిదమకూడదు, పసుపు గాని టూత్‌పేస్టు గాని పూయకూడదు. పొక్కు లేస్తే చర్మవైద్యుడికి చూపించాలి. మానిన తర్వాత నలుపు నెలల తరబడి ఉండవచ్చు, అంతకాలం సన్‌స్క్రీన్ మానకూడదు.

చర్మాన్ని కాంతికి సున్నితం చేసే డాక్సీసైక్లిన్ వంటి మందుల సంగతి ముందే అడిగితే సరిపోతుంది. పచ్చబొట్టు మీద షాట్ వేయకూడదని వేరే చెప్పనక్కరలేదు.