తుప్పు పట్టిన సస్పెన్షన్ బోల్టులు విప్పేటప్పుడు

పాత వాహనంలో తుప్పు పట్టిన సస్పెన్షన్ బోల్టును విప్పదలచుకుంటే, ముందురోజే బోల్టు మరల (థ్రెడ్ల) మీది మట్టిని వైరు బ్రష్షుతో తోమి, తుప్పులోకి ఇంకే నూనెను రెండు మూడు విడతలుగా చల్లి వదిలేయండి. మర్నాడు బోల్టు తలకు తొడిగి తిప్పే సాకెట్టు 12 మూలలది కాక 6 మూలలదే వాడి, మొదట కొద్దిగా బిగించే వైపు కదిపి, తర్వాత విప్పుతూ, బిగుసుకున్నప్పుడల్లా వెనక్కి తిప్పి మళ్లీ నూనె వేయండి. నట్టు వచ్చేసినా బోల్టు కదలకపోతే, చాలాసార్లు అది రబ్బరు బుష్ (బోల్టు చుట్టూ ఉండి కుదుపును పీల్చుకునే రబ్బరు తొడుగు) లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుపోయి ఉంటుంది. అప్పుడు సుత్తితో బాదడం నా దృష్టిలో వృథా శ్రమ, బుష్‌కు ఇరువైపులా బోల్టును కోసి, బోల్టు, బుష్ రెండింటినీ కొత్తవి వేయడమే మేలు. కొత్త బోల్టుకు చివరి బిగింపు మాత్రం బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఇవ్వండి, లేకపోతే బుష్ మెలిపడి త్వరగా చిరిగిపోతుంది.