కీళ్లవాతంతో బెంగళూరులో రోజు గడుపుకునే తీరు

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను మన ఊళ్లలో కీళ్లవాతం అంటారు. వయసు మీదపడి మోకాళ్లు అరగడం వేరు, ఇది వేరు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి సొంత కీళ్ల లోపలి పొరల మీదే దాడి చేయడం వల్ల వచ్చే జబ్బు ఇది. సాధారణంగా రెండు చేతుల వేళ్ల కణుపులనూ మణికట్లనూ ఒకేసారి పట్టుకుంటుంది, మగవారికంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. హిందూపురం నుంచి వచ్చి కృష్ణరాజపురంలో స్థిరపడిన మా ఇంట్లో ఈ జబ్బు నాతోపాటు తొమ్మిదేళ్లుగా కాపురం చేస్తున్నది. ఏ మందు వాడాలో చెప్పేది డాక్టరు. మాత్ర వేసుకున్నాక మిగిలే రోజంతా వంటగదిలోనూ బస్సులోనూ ఆఫీసులోనూ ఎలా నెట్టుకురావాలో నేను నేర్చుకున్నంత ఇక్కడ రాస్తున్నాను.

పనిని గడియారానికి అప్పగించడం

నా లెక్కలో మంచిరోజే ఎక్కువ నష్టం చేస్తుంది. ఒళ్లు తేలికగా ఉన్న పూట పేరుకుపోయిన పనులన్నీ ఒక్కసారే చేసేద్దామనిపిస్తుంది. ఒక ఉగాదికి ముందు రోజు నేను అటక మీది సామాను దింపి, కర్టెన్లు ఉతికి, సాయంత్రానికి బొబ్బట్ల పిండి కూడా కలిపి పెట్టాను. పండగ పొద్దున కాఫీ గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించి ఎత్తుకోవలసి వచ్చింది. పచ్చడిలోకి మామిడికాయ మా అబ్బాయి తరిగాడు. తర్వాత మూడు రోజులు మంచం దిగలేదు. వాపు ఉన్న కీలు తాను చేసిన చాకిరీకి లెక్క అప్పటికప్పుడు చెప్పదు, మర్నాడు చెబుతుంది. అందుకని నొప్పి మొదలయ్యాక ఆపుదామనుకుంటే అప్పటికే ఆలస్యమైపోతుంది.

దీనికి పనికివచ్చిన పద్ధతి చాలా సాదాది. ఒక వారం పాటు ఏ పని ఎన్ని నిమిషాలు చేస్తే చెయ్యి సలపడం మొదలవుతుందో రాసుకోవాలి. అందులో నాలుగో వంతు తీసేయాలి. కూరగాయలు తరుగుతూ ఉంటే 20 నిమిషాలకు చూపుడువేలు సలుపుతుందనుకుందాం. అప్పుడు 15 నిమిషాలకే, చెయ్యి ఎంత బాగున్నా సరే, చాకు కింద పెట్టేయాలి. ఫోనులో టైమరు పెట్టుకోకపోతే ఇది సాగదు, ఎందుకంటే ఇంకో రెండు వంకాయలే కదా అని మనసు బేరమాడుతుంది. ఆ తర్వాత పది నిమిషాలు విరామం. విరామమంటే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడమని అర్థం. ఆ పది నిమిషాలూ ఫోను పట్టుకుని బొటనవేలితో వీడియోలు తోసుకుంటూ కూర్చుంటే అదీ చాకిరీయే. రెండు వారాలు నిలకడగా గడిస్తే ఒక్కో పనికి ఒకటి రెండు నిమిషాలు పెంచుకోవచ్చు. చెడ్డరోజున సగానికి తగ్గించుకోవాలి గాని పూర్తిగా మానకూడదు, కదలని కీలు మరింత బిగుసుకుంటుంది.

పొద్దుటి గంట

ఈ జబ్బు గుర్తుల్లో ముఖ్యమైనది పొద్దున్నే వేళ్లు పట్టేయడం. అది అరగంట మొదలు గంట దాటి కూడా ఉంటుంది. ఆ గంటను రోజు లెక్కలోంచి తీసేయడం మంచిది. తొమ్మిదింటికి మీటింగు ఉంటే ఆరున్నరకే మెలకువ వచ్చేలా చూసుకుని, దుప్పటి కిందే గుప్పిట మూస్తూ తెరుస్తూ, మడమలు తిప్పుతూ పావుగంట గడపాలి. తర్వాత బకెట్టులో గోరువెచ్చని నీళ్లు పట్టుకుని మణికట్ల దాకా చేతులు ముంచి ఉంచితే వేళ్లు వదులవుతాయి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు మన అనంతపురం వైపు వారికి కూడా చలిగానే ఉంటాయి. నేనైతే ఆ రెండు నెలలూ చేతులకు ఉన్ని తొడుగులు వేసుకునే పడుకుంటాను. కావేరి నీళ్లు వేళ కాని వేళ వచ్చే వీధుల్లో ఉన్నవారు మోటారు వేయడం, బిందెలు నింపడం వంటి పనిని ఈ గంటలో పెట్టుకోకుండా ఇంట్లో వేరెవరికైనా అప్పగించాలి.

వంటగదిలో

చిన్న కీలు మీద పడే బరువును పెద్ద కీలు మీదికి మార్చడమే ఇక్కడి సూత్రం. సంచిని వేళ్లకు తగిలించుకోకుండా మోచేతికి తగిలించుకోవాలి. బరువైన గిన్నెను పట్టకారుతో ఒంటిచేత్తో దించకుండా మసిగుడ్డతో రెండు చేతులా పట్టుకోవాలి. ఇంకా మంచిది, దించకుండా స్టవ్ మీదే ఉంచి గరిటెతో వడ్డించుకోవడం. గరిటె కాడకు పాత చీరముక్క చుట్టి దారంతో బిగిస్తే లావై, గుప్పిట గట్టిగా బిగించవలసిన పని ఉండదు. సీసా మూత రాకపోతే పాత్రలు తోమే రబ్బరు తొడుగు వేసుకుని తిప్పితే వస్తుంది. పాల ప్యాకెట్టును పళ్లతోనో గోళ్లతోనో చించే అలవాటు మాని కత్తెర దగ్గర పెట్టుకోవాలి. మూత లోపలికి దూరే రకం ప్రెషర్ కుక్కర్‌లో ఆ మూతను మెలితిప్పి తీయడం మణికట్టుకు శిక్ష, దాని బదులు కరెంటు రైస్ కుక్కర్ వాడితే ఆ గొడవ తప్పుతుంది.

ఇక్కడి ఇళ్లలో అసలైన శత్రువు 20 లీటర్ల నీళ్ల క్యాను. నిండు క్యాను 20 కిలోల పైనే తూగుతుంది. దాన్ని ఎత్తి బోర్లించడం మన పని కాదని ఒకసారి తీర్మానించుకుని, క్యానును కింద నిలబెట్టే ఉంచి మూతి మీద బ్యాటరీతో నడిచే చిన్న పంపు పెట్టుకోవాలి. వేలితో మీట నొక్కితే గ్లాసులోకి నీళ్లు వస్తాయి. క్యాను తెచ్చే కుర్రవాణ్ణి వంటగది దాకా తెచ్చి పెట్టమని అడగడానికి మొహమాటపడవద్దు. అలాగే తడిబట్టలు పిండడం. వేళ్లకు అంతకన్నా చెడ్డ పని నాకు కనబడలేదు. పిండకుండా బాత్‌రూమ్ కుళాయి మీద వేలాడదీసి నీళ్లు కారిపోయాక ఆరేస్తే సరి, సాయంత్రం కాకపోతే మర్నాడు ఆరుతాయి.

మాత్రలు

ఈ జబ్బుకు ఎక్కువగా రాసే మందు మెథోట్రెక్సేట్. దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకునే మాత్రలకు అలవాటుపడిన ఇళ్లలో పొరపాటున దీన్ని కూడా రోజూ మింగితే ఎముకమజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం పోయిన సందర్భాలూ ఉన్నాయి. డాక్టరుతో మాట్లాడి వారంలో ఒక రోజు ఖాయం చేసుకుని, క్యాలెండరులో ఆ రోజును ఎర్రసిరాతో చుట్టాలి. మిగతా ఆరు రోజులూ ఆ మాత్రల పట్టీ రోజువారీ డబ్బాలో కనబడకూడదు. 2.5, 5, 7.5, 10 మిల్లీగ్రాముల మాత్రలుగా ఇది దొరుకుతుంది కనుక షాపులో పట్టీ మారినప్పుడల్లా అంకె చదవాలి. దీనితోపాటు రాసే ఫోలిక్ యాసిడ్‌ను డాక్టరు చెప్పిన రోజునే వేసుకోవాలి. గుణం కనబడడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది కాబట్టి నెల తిరగకుండా మందు పనిచేయలేదని మానేయకూడదు. కాలేయం, రక్తకణాల పరీక్షలు వాయిదా వేయకూడదు, మద్యం జోలికి పోకూడదు, పిల్లల కోసం అనుకుంటున్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి. జ్వరం వచ్చిన వారంలో ఆ మోతాదు వేసుకోవాలా వద్దా అన్నది ఫోను చేసి అడగాలి. ఈ జబ్బుకే రాసే మరో మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవారు తొలి ఏడాదిలో ఒకసారి, ఐదేళ్లు దాటాక ఏటా కంటి పరీక్ష చేయించుకోవాలి. స్టెరాయిడ్ మాత్రలను ఉన్నట్టుండి ఆపకూడదు.

నొప్పి మాత్రల గురించి ఒక మాట. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటివి చీటీ లేకుండానే ఇచ్చేసే షాపులున్నాయి గాని, అవి నెలల తరబడి వేసుకుంటే పొట్టలో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి, రక్తపోటు పెరుగుతుంది. ఇక ఊరినుంచి ఎవరో తెచ్చిచ్చే పేరులేని పొడి వేసుకున్న రెండో రోజుకే నొప్పి మాయమైతే సంతోషించకుండా అనుమానించాలి. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపినవి ఎన్నోసార్లు బయటపడ్డాయి.

నొప్పిని చెప్పడం

వెళ్లవలసింది రుమటాలజిస్టు దగ్గరకు, అంటే కీళ్లవాతం వంటి జబ్బులు చూసే డాక్టరు దగ్గరకు. ఎముకల డాక్టరు వేరు. చూసే సమయం పది నిమిషాలకు మించి దొరకదు కనుక ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకుపోవాలి: పొద్దున ఎన్ని నిమిషాలు పట్టేసింది, ఏ కీళ్లు వాచాయి, సున్నా నుంచి పది దాకా నొప్పికి ఎంత మార్కు, ఏ పని చేయలేకపోయాం. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ఏడు మార్కులు అంటే డాక్టరు తల ఊపి ఊరుకోవచ్చు, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతున్నాను అంటే వేళ్లు పట్టి చూస్తారు.

నొప్పి అని ఊరుకోకుండా అది సలుపా, పోటా, లాగుడా, మంటా, తిమ్మిరా అని వేరు చేసి చెప్పడం మేలు, ఎందుకంటే కీలు సలపడానికీ నరం నొక్కుకుని తిమ్మిరెక్కడానికీ వైద్యం ఒకటి కాదు. మన భాషలో ఇన్ని మాటలున్నా ఇక్కడి నర్సులకు కన్నడంలో చెప్పాలి. నొప్పిని నోవు అంటారు, వాపును ఊత అంటారు, తిమ్మిరిని జోము అంటారు. మొదటిసారి ఒక నర్సమ్మ నా మణికట్టు నొక్కి "ఉరి ఇదెయా?" అని అడిగితే హడలిపోయాను. కన్నడంలో ఉరి అంటే మంట.

ప్రయాణం

స్కూటరు యాక్సిలరేటరు తిప్పడం, కారు గేరు మార్చడం మణికట్టుకు పడవు. వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా మెట్రో ఊదా రంగు మార్గం 2023 అక్టోబరు 9 నుంచి పూర్తిగా నడుస్తున్నది. లిఫ్టు ఏ గేటు వైపు ఉందో ముందే చూసుకుంటే మెట్లు తప్పుతాయి. మెజెస్టిక్‌లో ఆకుపచ్చ మార్గానికి మారేవారు ఆ నడకకు అదనంగా పది నిమిషాలు పెట్టుకోవాలి. ఆడవారికి బస్సు ప్రయాణం ఉచితం చేసిన శక్తి పథకం 2023 జూన్ 11న మొదలైనా అది కర్ణాటక చిరునామా ఉన్నవారికే వర్తిస్తుంది కనుక, ఆధార్‌లో ఇంకా ఊరి చిరునామాయే ఉన్న మనవాళ్లు టికెట్టు కొనవలసిందే. కీళ్లు శాశ్వతంగా వంకరపోయినవారు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద చలన వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు, 40 శాతం గాని అంతకు మించి గాని ఉంటే రిజర్వేషన్ల వంటివి వర్తిస్తాయి.

ఇంటికి వచ్చినవారు

చూడ్డానికి బాగానే ఉన్నావు కదా అనేవారికి జబ్బు గురించి ఉపన్యాసం ఇవ్వడం దండగ. వారికి ఒక పని చెప్పడం నయం, కొబ్బరికాయ కొట్టిపెట్టమనో, పై అరలో డబ్బా దింపమనో. పథ్యం సంగతి మాత్రం తేల్చుకోవలసిందే. వంకాయ, చింతపండు వాతం చేస్తాయని మా అత్తయ్య రెండేళ్లు నా కంచంలోంచి తీసేయించారు. చివరికి ఆరు వారాలు తిన్నదీ నొప్పి మార్కూ పక్కపక్కన రాసి ఆమెకు చూపించాను. "అత్తయ్యా, వంకాయ తిన్న రోజుకీ నొప్పి వచ్చిన రోజుకీ పొత్తు కుదరడం లేదు" అంటే కాగితం తిరగేసి మరగేసి చూసి, "అయితే ఆదివారం గుత్తివంకాయ నేనే చేస్తాలేమ్మా, నువ్వు మసాలా నూరవద్దు" అన్నారు. మీకూ ఏదైనా సరిపడదనిపిస్తే ఇలా రాసి చూసుకుని మానండి, ఎవరో చెప్పారని ఒక్కొక్కటే మానుకుంటూ పోతే ఒంట్లో సత్తువే పోతుంది.

చెడ్డరోజు కోసం

నొప్పి ఎగదన్నిన రోజున ఆలోచించే ఓపిక ఉండదు కాబట్టి మంచిరోజునే ఒక డబ్బా సర్ది పెట్టుకోవాలి: వేయించిన ఉప్మారవ్వ, అటుకులు, వేడినీళ్ల సంచి, మణికట్టు పట్టీ, డాక్టరు చీటీ నకలు. ఒకే కీలు ఉన్నట్టుండి ఎర్రగా కాలిపోతూ జ్వరం వస్తే, కన్ను ఎర్రబడి లోపల పోటు పెడితే, ఆయాసం వస్తే, మెడనొప్పితోపాటు చేతులు మొద్దుబారితే ఇంట్లో ఓర్చుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఫ్రిజ్ తలుపు మీద మందుల పేర్లు, డాక్టరు నంబరు, ఇంటివారి నంబరు రాసిన కాగితం అంటించి ఉంచాలి; అంబులెన్సు వచ్చే వేళకు ఇంట్లో తెలుగు చదవడం రాని పక్కింటివారో వాచ్‌మనో ఉండవచ్చు గనుక అది ఇంగ్లిష్‌లో ఉండాలి. మెథోట్రెక్సేట్ పక్కన "వారానికి ఒక్కసారే" అని, ఏ రోజో కూడా రాయాలి, మాది ఎర్రసిరాతో ఉంది.