ఫైన్ ఆర్ట్స్ పీజీ అయ్యాక ఫెలోషిప్‌కు దరఖాస్తు ఎలా చేయాలి?

ఫైన్ ఆర్ట్స్ చదివినవాళ్లకు పీజీ అయిపోయిన తర్వాతి రెండేళ్లే కష్టం. కాలేజీలో స్టూడియో ఉండేది, సార్లు ఉండేవారు. కడపకో ధర్మవరానికో తిరిగొస్తే ఇంట్లో కాన్వాస్ ఆనించే జాగా కూడా ఉండదు. మంచి చేయి ఉన్న పిల్లలు అక్కడే పని ఆపేస్తారు. ఆ రెండేళ్లు గడవడానికి ఫెలోషిప్ పనికొస్తుంది.

ముందు వయసు చూసుకోండి. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్ 18 నుంచి 25 ఏళ్లవారికి. నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇస్తారు. 25 దాటితే జూనియర్ ఫెలోషిప్ ఉంది: 40 ఏళ్ల వరకు, నెలకు 10,000, రెండేళ్లు. అయితే ఇది పరిశోధనకు ఇచ్చేది. డబ్బు నెలనెలా కాక ఆరు నెలల విడతల్లో వస్తుంది కాబట్టి రంగులకు, అద్దెకు ముందే చూసుకోవాలి. లలిత కళా అకాడమీ స్కాలర్‌షిప్‌లు, ఢిల్లీలో ఖోజ్ సంస్థ నడిపే ‘పీర్స్’ రెసిడెన్సీ (కొన్నాళ్లు అక్కడే ఉండి పని చేసుకునే అవకాశం) కూడా గమనిస్తూ ఉండండి.

తర్వాత దరఖాస్తుకు మీ పనుల ఫొటోలు. ఫ్లాష్ వద్దు. పగటిపూట నీడలో, బొమ్మకు ఎదురుగా కెమెరా వంగకుండా పెట్టి తీయండి. ప్రతి ఫొటోకు పేరు, మాధ్యమం, కొలత, సంవత్సరం రాయండి.

అసలు పని ప్రతిపాదనలో, అంటే ఫెలోషిప్ కాలంలో ఏం చేస్తారో రాసిచ్చే కాగితంలో ఉంది. “సంప్రదాయ కళను కాపాడాలనుకుంటున్నాను” అంటే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే ఇంటి అమ్మాయి అనుకోండి: “మా నాన్న మేకతోలుకు చిల్లులు కొట్టే పద్ధతితో ఆరు పెద్ద ప్రింట్లు చేస్తాను, మొదటి ఆరు నెలలు ఆయన దగ్గర కూర్చుని పాత నమూనాలు గీసుకుంటాను” అని రాస్తే పని కళ్లకు కడుతుంది. మీది మగ్గం ఇల్లయినా, బండల క్వారీలో కూలికెళ్లే ఇల్లయినా దాచకండి. అలాగని కష్టాల కథ చేయకండి. అక్కడ మీ చేతికి వచ్చిన పని రాయండి, అది ఇంకెవరి దరఖాస్తులోనూ ఉండదు. ఇంగ్లీషు టెన్షన్ ఉంటే ముందు తెలుగులో రాసుకోండి, తర్వాత తెలిసినవాళ్లతో మార్పించుకోవచ్చు.

సిఫారసు లేఖ మీ పని దగ్గరగా చూసిన సారునో మేడమ్‌నో అడగండి, పెద్ద పదవి అక్కర్లేదు. గడువుకు కనీసం మూడు వారాల ముందు అడగాలి, ప్రతిపాదన కూడా వాళ్ల చేతికివ్వాలి.

రాకపోతే ఆ ఫైలు పక్కన పడేయకండి. కొత్త పనుల ఫొటోలు చేర్చి మరుసటి నోటిఫికేషన్‌కు పంపండి.