ర్యామ్ స్లాట్ పోయిందన్నారా? మదర్‌బోర్డు మార్చేముందు ఇది చూడండి

పాత ల్యాప్‌టాప్ పట్టుకుని బెంగళూరు ఎస్పీ రోడ్డు కంప్యూటర్ షాపులకి పరిగెత్తేముందు ఇంట్లో ఒక అరగంట కూర్చోండి, ఎందుకంటే స్లాట్ (ర్యామ్ పెట్టే గాడి) పోయిందనుకున్నది ఒక్కోసారి ర్యామ్ స్టిక్ మీద మురికే అయ్యుంటుంది. ఛార్జర్ తీసేసి, బ్యాటరీ కనెక్షన్ కూడా పీకేసి, ర్యామ్ బయటికి తీసి ఆ బంగారు రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, టక్ మనేదాకా మళ్లీ నొక్కండి.

అయినా ఆన్ అవ్వకపోతే ఒక్క స్టిక్కే తీసుకుని ముందు ఒక స్లాట్‌లో, తర్వాత రెండోదాంట్లో పెట్టి చూడండి. ఎక్కడ పెట్టినా అదే స్టిక్ ఏడిపిస్తే తప్పు స్టిక్‌దే, ఏ స్టిక్ పెట్టినా అదే స్లాట్ మొండికేస్తే అప్పుడు నిజంగానే స్లాట్. ఆన్ అయితే, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో వేసి, దాన్నుంచే ల్యాప్‌టాప్ స్టార్ట్ చేసి రాత్రంతా వదిలేస్తే ఇంకా క్లియర్‌గా తెలుస్తుంది.

ఒక్క స్లాట్ బాగున్నా చాలు, రిపేర్ వద్దండీ, అందులోనే 8 జీబీ స్టిక్ వేసేయండి. మీ ల్యాప్‌టాప్‌కి పట్టే ర్యామ్ రకం డీడీఆర్3నా డీడీఆర్4నా చూసి కొనండి, ఒకదాని చోట ఇంకోటి పట్టదు. డ్యుయల్ ఛానల్, అంటే రెండు స్టిక్‌లు కలిసి పనిచేస్తే వచ్చే వేగం, పోతుంది కానీ బ్రౌజింగ్‌కి, వర్డ్ ఎక్సెల్‌కి తేడా పెద్దగా తెలీదు, మా చెల్లి మడివాళ పీజీలో రెండేళ్లుగా అలాగే వాడుతోంది.

రెండు స్లాట్లూ పోతే మాత్రం బోర్డు రేటు, అదే మోడల్ సెకండ్ హ్యాండ్ రేటు రెండూ అడగండి, ఆ సెకండ్ హ్యాండ్ రేటులో సగం పైన బోర్డుకే అడిగితే వదిలేయండి. పైగా ఇంకా విండోస్ 10 మీదే నడిచే పాత మెషిన్ అయితే ఎక్కువ ఖర్చు దండగ, దానికి మామూలు సపోర్ట్ కూడా 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కదా. డిస్క్ మాత్రం పారేయకండి, డిస్క్‌ని యూఎస్‌బీతో వేరే కంప్యూటర్‌కి తగిలించే ఒక కేస్ కొని అందులో వేస్తే మీ ఫొటోలన్నీ అలాగే ఉంటాయి.