రైడింగ్ బూట్లకు తగ్గట్టు వెనుక బ్రేకు: నా అనుభవం

రైడింగ్ బూట్లు వాడడం మొదలుపెట్టాక బైక్ వెనుక బ్రేకు ఎంత పడుతోందో నా కాలికి తెలియడం మానేసింది. సోల్ మందంగా ఉండడం, చీలమండ పూర్తిగా వంగకపోవడం వల్ల బంజారాహిల్స్ దిగుడులో కొద్దిగా నొక్కాలనుకున్నా చక్రం జారేంతగా పడేది. అంతకంటే ప్రమాదకరమైన విషయమేమిటంటే, మెహిదీపట్నం రద్దీలో బూటు ముందుభాగం పెడల్‌కు ఆనుకొని ఉండడంతో బ్రేకు లైటు ఆరకుండా వెలిగేది, డ్రమ్ము (వెనుక చక్రం మధ్యలో బ్రేకు పట్టే భాగం) వేడెక్కేది.

ముందుగా పెడల్ ఎత్తును నిర్ణయించే స్టాపర్ బోల్టును కదలకుండా పట్టి ఉంచే లాక్ నట్ వదులు చేసి, బూట్లతోనే సీటు మీద కూర్చొని, వేళ్లు పైకెత్తే అవసరం లేనంతగా పెడల్‌ను దించాను. ఎత్తు మారితే ఫ్రీ ప్లే (బ్రేకు పట్టే ముందు పెడల్ ఖాళీగా కదిలే దూరం) కూడా మారుతుంది కనుక, పెడల్ నుంచి డ్రమ్ము దగ్గరకు వచ్చే రాడ్ చివరనున్న నట్‌ను తిప్పి, దాన్ని మా బండి మాన్యువల్‌లో చెప్పిన 20–30 మిల్లీమీటర్లకు తెచ్చాను. సెంటర్ స్టాండ్ వేసి చక్రం తిప్పితే ఎక్కడా రాపిడి లేదు. బ్రేకు లైటు స్విచ్ నట్‌ను కూడా సరిచేయడం తప్పనిసరి, ఎందుకంటే పెడల్ దిగినప్పుడు స్విచ్ స్ప్రింగు సాగి లైటు ముందే వెలుగుతుంది.

ఆ తర్వాత ఉదయం పూట ఖాళీ వీధిలో, పాదాన్ని ఫుట్‌రెస్ట్ మీద ఆనించి, కాలు మొత్తం ఎత్తకుండా ముందుభాగంతోనే మెల్లగా నొక్కడం సాధన చేశాను. బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రం మీదకు వెళ్తుంది కాబట్టి వెనుక బ్రేకుకు ఆ సున్నితత్వం చాలా అవసరం.